అర వాటు పిలుపు

"అది బట్టలారేసుకునే తాడు కాదమ్మా ఇంద్రజా!"

"తాడు కాకపోతే మరేటి? మేడ మీద ఆ మూల నుంచి ఈ మూలకి లాగి కట్టినాక బట్టలెయ్యరా మరి? దుప్పట్లు నా నెత్తి మీద ఆరేసుకోమంటారా?"

"ఏంటెన్నా అది. ఏంటెన్నా! ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఏంటెన్నా అంటే టీవీకుంటాది, గొడుగు తిరగేసినట్టు. దీనికి గొడుగూ లేదు, గిన్నే లేదు. ఒట్టి తీగ. నాకేటి తెలుస్తాది?"

కూర్మన్నపాలెంలో స్టీల్ ప్లాంట్ గేటుకి కాస్త ఇవతలగా ఉన్న అపార్ట్‌మెంటు అది. మేడ మెట్ల చివరి మలుపులో, భుజాన సంచీతో నాగవంశీ ఆగిపోయాడు. సంచీలో సోల్డరింగ్ ఐరన్, మీటరు, టార్చి బల్బు ఉన్నాయి. పైన అరుస్తున్న ఇద్దరూ తెలిసినవాళ్ళే. అరుపుల మధ్యకి వెళ్తే రెండు వైపుల నుంచీ తిట్లు పడతాయని కూడా తెలుసు. అందుకే గోడకానుకుని నించున్నాడు.

ఇంతలో మూడో గొంతు లేచింది. అపార్ట్‌మెంటు సెక్రటరీ సీతారామాంజనేయులుది. కృష్ణా జిల్లా నుంచి ప్లాంటు ఉద్యోగానికి వచ్చి, రిటైరై ఇక్కడే ఉండిపోయిన మనిషి.

"నాగమణిగారూ, మీరు పెద్దవారు, మిమ్మల్ని అనకూడదు. కానీ ఇది నేవీ ఉన్న ఊరండీ. రేపెవరైనా వచ్చి, మేడ మీద ఈ తీగేంటి, ఎవరితో మాట్లాడుతున్నారు అని అడిగితే, చెప్పుకోవాల్సింది నేనే కదండీ?"

"లైసెన్సు చూపించాను కదండీ. మళ్ళీ కావాలంటే మీ తలుపుకి అంటిస్తాను."

"లైసెన్సు లేదన్నానా? ఇంతకీ ఒక మాట చెప్పండి. ఇన్నాళ్ళ నుంచి పిలుస్తున్నారు గదా, అవతలి నుంచి ఒక్కరైనా పలికారా?"

కింద హైవే మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఇంకా లేదండీ," అంది నాగమణి.

"అద్గదీ. ఎవరూ పలకని దానికి మేడంతా తీగలెందుకు? ఆదివారం మీటింగులో పెడతాను. ఈ లోపల ఇది పని చేస్తుందని చూపించండి. చూపిస్తే నలుగురికీ నేనే నచ్చచెబుతాను. లేదంటే తీయించేద్దాం."

ఆయన దిగి వస్తూ మలుపులో వంశీని చూసి ఆగాడు. "ఎవరబ్బాయ్ నువ్వు?"

"ఆ తీగ తాలూకు మనిషినండి," అన్నాడు వంశీ.

ఆయన వెనకే ఇంద్రజ కూడా దిగింది. పరవాడలో మందుల కంపెనీలో పని చేస్తుంది. షిఫ్టు బస్సు దిగీ దిగగానే బట్టలుతికి మేడ ఎక్కుతుంది. "తమ్ముడూ, మీ ఆంటీకి సెప్పు, నాను కావాలని ఎయ్యలేదు," అనేసి వెళ్ళిపోయింది.

పైన నాగమణి తడి దుప్పట్లను తనే తీసి, పిట్టగోడ మీద సాపుగా పరుస్తోంది. అరవై దాటిన మనిషి. సన్నగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పుల వల్ల మేడ ఎక్కడమే తక్కువ. రెండో అంతస్తులో తన గదిలో కూర్చుని, కిటికీలోంచి తీగ లాక్కుని రేడియో వాడుకుంటుంది. కాబట్టి ఇన్ని సాయంత్రాల నుంచీ తన ఏంటెన్నా ఒక డబుల్ కాట్ దుప్పటినీ, రెండు లుంగీలనూ, పిల్లల యూనిఫారాలనూ మోస్తోందని ఆమెకు తెలియలేదు. ఆమె రేడియో ముందు కూర్చునే వేళా, ఇంద్రజ బట్టలారేసే వేళా ఒక్కటే.

వంశీకి నవ్వాగలేదు. "అంటే ఇన్నాళ్ళూ మీరు దుప్పట్లకి మెసేజులు పెడతన్నారన్నమాట."

నాగమణి కోపంగా చూసింది. తర్వాత తనకీ నవ్వొచ్చింది. నవ్వుతూనే పిట్టగోడ మీద కూలబడి, "తడి బట్ట తగిలితే తీగ లెక్క తప్పుతుందిరా," అంది. "మన రేడియోకున్న బలమే అర వాటు. అది కూడా ఆ నీళ్ళల్లోకే పోయింది."

*

నాగమణిది తణుకు దగ్గర పల్లె. ఆడపిల్లకి ఉద్యోగమేంటని ఇంట్లో అందరూ అంటున్న రోజుల్లోనే తంతి ఆఫీసులో చేరింది. అక్కడ మోర్స్ నేర్చుకుంది. చుక్కలు, గీతలు, వేలి కింద మీట, అవతల ఎక్కడో ఇత్తడి పనిముట్టు టకటకలు. విశాఖపట్నానికి బదిలీ మీద వచ్చాక పెళ్ళయింది. భర్త ప్లాంటులో ఫోర్‌మన్. పిల్లలు లేరు. ఊళ్ళో వాళ్ళ చావులూ, పెళ్ళిళ్ళూ, ఓడలు దిగిన సంగతులూ అన్నీ ఆమె వేళ్ళ మీదుగానే పోయేవి. తర్వాత మోర్స్ పోయింది, మిషన్లు వచ్చాయి. మిషన్లతో పాటు తంతీ పోయింది. ఆమెను టెలిఫోను బిల్లుల కౌంటర్లో కూర్చోబెట్టారు. అక్కడ జనం ఆమె మొహం కూడా చూసేవాళ్ళు కాదు.

హుద్‌హుద్ తుపానుకి ఊళ్ళో ఫోన్లన్నీ చచ్చిపోయాయి. డ్యూటీకెళ్ళిన భర్త ప్లాంటులోనే చిక్కుకుపోయాడు. ఉన్నాడో లేడో తెలియదు. అప్పుడెవరో, సొంత రేడియోలున్న మనుషులు సరదాకి నేర్చుకున్న విద్యతో కబుర్లు అందిస్తున్నారని చెప్పారు. ఆయన తిరిగొచ్చాడు, ఆ మాట మాత్రం ఆమె మనసులో ఉండిపోయింది. కొన్నేళ్ళకి ఆయన నిజంగానే పోయాక, ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయాక, ఆ హామ్ రేడియో విద్యకి లైసెన్సు పరీక్ష రాసి పాసైంది. గవర్నమెంటు వాళ్ళు ఒక పిలుపు పేరిచ్చారు. గాలిలో ఆమెకి అదే పేరు.

వంశీకి ఇదంతా ఒక్కసారిగా తెలియలేదు. గాజువాకలో ఫోన్లు బాగుచేసే కొట్లో అతను కూర్చునుండగా ఆమె వచ్చి, కౌంటర్ మీద ఒక ప్లాస్టిక్ కవరు బోర్లించింది. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద బోర్డు, చిటికెడు విడి భాగాలు. అలాంటివి రెండు కవర్లు. ఇంటర్నెట్లో దొరికే కిట్లలో అన్నిటికన్నా చవకది.

"ఇదేటి ఆంటీ, పిల్లల బొమ్మా?"

"రేడియో. వినడానికీ అదే, పంపడానికీ అదే. నాకు చూపు ఆనట్లేదు. అతికించి పెడతావా?"

"ఇది ఎంత దూరం పోతాది?"

"అది తెలుసుకోవాలనే కదరా నా బాధ."

కొట్టు యజమాని వద్దన్నాడు. వద్దన్నాడు గనకే వంశీ ఒప్పుకున్నాడు. మధురవాడ అవతల కాలేజీలో ఇంజనీరింగ్ సగంలో వదిలేసి వచ్చినవాడు. ఆ తర్వాత ఏ పనిలోనూ కుదురుగా లేడు. ఈ కొట్టు కూడా రేపో మాపో వదిలేద్దామనుకుంటున్నవాడే. రెండు కిట్లూ అతికించాడు. ఒకటి సబ్బు పెట్టెలో బిగించాడు, రెండోది అలాగే వదిలేశాడు. విరిగిన హాక్సా బ్లేడు ముక్కతో మీట చేసిచ్చాడు. ఆమె దాని మీద వేలు పెట్టి నాలుగు అక్షరాలు కొట్టగానే అతను తలెత్తి చూశాడు. ఆ వేగం, ఆ తూకం అంత చవక బోర్డులోంచి వస్తాయనుకోలేదు.

*

ఆదివారం లోపల తేల్చాలి కాబట్టి మర్నాటి నుంచే పరీక్ష మొదలుపెట్టారు.

ముందు ఏంటెన్నా పీకేసి, ఆ చోట టార్చి బల్బు తగిలించాడు వంశీ. ఆమె మీట నొక్కితే బల్బు ఎర్రగా, నిద్రమొహంతో వెలిగింది. వదిలితే ఆరిపోయింది. మీటరు పెట్టి చూశాడు. అర వాటుకి కాస్త లోపే.

"ఇంట్లో జీరో బల్బు దీనికి తాతలాంటిది ఆంటీ," అన్నాడు. "దీంతో పక్కింటోడు కూడా ఇనడు."

"పక్కింటివాడికి వినపడాలంటే అరిస్తే చాలు కదరా. నువ్వు బండి తియ్యి."

రెండో కిట్, చిన్న బ్యాటరీ, ఇయర్‌ఫోన్, చుట్ట చుట్టిన తీగ పట్టుకుని వంశీ బయల్దేరాడు. ఆమె ఇంట్లోంచి పిలుస్తూ ఉండాలి. అతను ఒక్కోచోట ఆగి, తీగ దేనికో వేలాడదీసి, వినపడుతోందో లేదో ఫోన్లో చెప్పాలి. అగనంపూడిలో వినపడింది. లంకెలపాలెం జంక్షన్లో బస్సుల రొద మధ్య చెవి మూసుకుని వింటే వినపడింది. పరవాడ వైపు తిరిగాక, పవర్ ప్లాంటు నుంచి వచ్చే పెద్ద లైన్ల కింద, చెవిలో బుర్రు తప్ప ఏమీ లేదు.

"ఇక్కడ సచ్చిపోయింది ఆంటీ. కరెంటు గోల."

"ఇంకా ముందుకు పో."

"నాకొకటి సెప్పండి. ఇనపడిందా అని ఫోన్లో అడుగుతన్నారు. ఆ ఫోన్లోనే ఎవరితోనో ఒకరితో మాట్లాడేసుకోవచ్చు గదా? ఈ యాతనంతా దేనికి?"

ఆమె నెమ్మదిగా అంది. "ఫోన్ చేయాలంటే ఎవరికో తెలియాలిరా. నా ఫోన్లో ఉన్నవాళ్ళు సగం మంది లేరు. మిగతావాళ్ళకి ఏమని చేయను? దీన్లో అయితే, ఎవరైనా ఉన్నారా అని అడగొచ్చు. పేరు తెలియక్కర్లేదు. ఉన్నవాళ్ళు పలుకుతారు."

వంశీ బండి తీశాడు. అతని ఫోన్లోనూ పేర్లకి తక్కువ లేదు. కాలేజీ గ్రూపులోంచి ఎప్పుడో బయటికొచ్చేశాడు. తనూ ఎవరికీ చేయడు, తనకీ ఎవరూ చేయరు. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

ముత్యాలమ్మపాలెం దగ్గర సముద్రం వచ్చింది. సరుగుడు తోపులో బండి ఆపి, రాయికి తీగ కట్టి కొమ్మ మీదకి విసిరాడు. ఎండ దిగుతోంది. ఒడ్డున తెప్పలు బోర్లించి ఉన్నాయి, మనుషులు లేరు. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ముందు సముద్రం హోరే అనుకున్నాడు. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి విన్నాడు. హోరు కింద, దోమ రొదంత సన్నగా, విరుగుతూ, అతుక్కుంటూ ఒక చప్పుడు. ఆ తూకం అతనికి తెలుసు. ఎవరైనా ఉన్నారా, ఎవరైనా ఉన్నారా. తర్వాత ఆమె పిలుపు పేరు. తర్వాత ఖాళీ. ఎవరైనా పలుకుతారేమోనని వదిలిన ఖాళీ. అందులో ఏమీ లేదు. మళ్ళీ మొదలు.

అంత పెద్ద సముద్రం ముందు ఆ చప్పుడు వింటూ వంశీ ఇయర్‌ఫోన్‌ని చెవిలోకి ఇంకా నొక్కుకున్నాడు. చేతిలో ఉన్నదీ అదే రేడియో. మీట పెట్టే చోట చిన్న వైరు ముట్టిస్తే చాలు, అతను పలికినట్టే. ఫోన్ చేశాడు.

"ఇనబడతన్నారు ఆంటీ! సముద్రం కాడ, బాగానే! ఇక్కడ వైరు ముట్టించీనా? నాను పలుకుతాను."

"ముట్టుకోకు!" అని అరిచిందామె. "లైసెన్సు లేనివాళ్ళు పంపకూడదు. నేను కూడా దీన్లో నీతో మాట్లాడకూడదు."

"ఒక్క సుక్క. ఎవడు సూడొచ్చాడు ఇక్కడ, పీతలు తప్ప? ఆదివారం మీటింగులో ఒకరు పలికినారని సెప్పేయొచ్చు. సెక్రటరీ నోరు మూసుకుంటాడు."

"పలికింది నువ్వని నాకు తెలుస్తుంది కదరా," అంది నాగమణి. "ఇంటికి రా. ఉప్మా చేస్తాను."

*

ఏంటెన్నా మీద దుప్పట్లు లేవు. ఇంద్రజ పిట్టగోడ వైపు మారింది, మాట మాత్రం ఆడటం లేదు. ఆ వారమంతా సాయంత్రం వేళల్లో నాగమణి పిలుస్తూనే ఉంది. ఎవరూ పలకలేదు. ఈ దేశంలో రేడియోలున్నవాళ్ళు చాలామంది మైకులోనే మాట్లాడుకుంటారు. చుక్కలూ గీతలూ కొట్టేవాళ్ళు తక్కువ, అర వాటు మనిషి కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేవాళ్ళు మరీ తక్కువ.

శనివారం నాడు వంశీ ఆమె పక్కనే కూర్చుని ఫోన్లో ఒక వెబ్‌సైట్ తెరిచి పెట్టుకున్నాడు. రేడియోలో వినపడిన ప్రతి మోర్స్ పిలుపునీ పట్టుకుని, ఎవరిది ఎక్కడ వినపడిందో వేసే సైట్ అది. ఆమె పిలిచింది. ఆగింది. మళ్ళీ పిలిచింది. అతను తెర మీద వేలితో లాగుతూ ఉన్నాడు. ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఆంటీ! ఉన్నాది! మీ పేరు! సూడండి, కర్ణాటకలో ఒక దగ్గర. ఆగండాగండి, ఇదేటిది... థాయిలాండ్! ఓలమ్మో, సముద్రం దాటేసింది మీ సబ్బు పెట్టె!"

నాగమణి కళ్ళద్దాలు సవరించుకుని తన పిలుపు పేరు చూసుకుంది. చాలాసేపు చూసింది. మొహంలో వెలుగొచ్చింది. "పేరేంటిరా అతనిది?"

"ఎవరిది?"

"థాయిలాండ్‌లో విన్నాడన్నావు కదా. ఏం పేరు? తిరిగి పలుకుదాం."

వంశీ తల గోక్కున్నాడు. "మనిషి కాదు ఆంటీ. అదో కంప్యూటరు. రోజంతా ఇంటానే ఉంటాది, ఇన్నవన్నీ దానంతటదే ఏసేస్తాది. అక్కడ ఎవరూ కూర్చుని ఉండరు."

"ఓహో," అంది.

మీట మీది నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. అతనికి కాక ఎదుటి గోడకి చెబుతున్నట్టు చెప్పింది. తంతి ఆఫీసులో కబురు పంపగానే పని అయిపోయినట్టు కాదట. అవతలివాడు అందింది అని గుర్తు కొట్టాలి. కొట్టేదాకా ఆ కాగితం బల్ల మీదే ఉంటుంది. అర్ధరాత్రైనా, తుపానైనా, ఆ గుర్తు రానిదే డ్యూటీ దిగేవాళ్ళు కాదు. ఆ గుర్తు కొట్టే చెయ్యి ఎవరిదో చప్పుడుని బట్టే తెలిసిపోయేదట. ఈవేళ పార్వతీపురం అతనికి జలుబు చేసినట్టుందే అనుకునేవాళ్ళట.

"కిట్ బాగా పని చేస్తోందిరా," అంది చివరికి. "నీ పని బాగుంది."

*

మీటింగు కింద, బళ్ళు పెట్టుకునే చోట జరిగింది. ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో పెడెస్టల్ ఫ్యాను. నీళ్ళ ట్యాంకరు గురించి అరుచుకోవడం అయ్యాక తీగ వంతు వచ్చింది.

"నాగమణిగారూ, చెప్పండి," అన్నాడు సీతారామాంజనేయులు. "పని చేస్తోందా?"

ఆమె నోరు విప్పకముందే వంశీ అందుకున్నాడు. "థాయిలాండ్ దాకా ఎల్లిందండి! జీరో బల్బు కన్నా తక్కువ పవరుతో. సూడండి," అని ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

నలుగురూ ఆశ్చర్యపోయారు. ఎవరో చప్పట్లు కొట్టారు. సెక్రటరీ మొహం విప్పారింది. "అంటే పలికారన్నమాట! మరి చెప్పరేంటండీ?"

ఊ అనండి ఆంటీ, ఒక్క ఊ అనండి, అనుకున్నాడు వంశీ పళ్ళ బిగువున.

"లేదండీ," అంది నాగమణి. "విన్నది యంత్రం. మనిషెవరూ పలకలేదు."

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. సెక్రటరీ చేతిలోని కాగితం కేసి చూశాడు. ఇప్పుడాయన తీసేయమంటే తీసేయాలి, మాట మాటే. అప్పుడు ఇంద్రజ లేచింది.

"పోనీండి బాబూ, ఉండనీండి. ఒక్క మనిషి. ఎవరూ లేరు పాపం, ఏదో దాంతో ఆడుకుంటారు. నా దుప్పట్లు నాను ఏరే దగ్గర ఎండేసుకుంటాను. ఎవరికేటి నష్టం?"

"నిజమే పాపం," అన్నారెవరో. "ఉండనీండి," అన్నారింకొకరు. సెక్రటరీ ఊపిరి పీల్చుకుని, "అందరికీ సమ్మతమే కదా," అని లిఫ్టు రిపేరు సంగతి ఎత్తాడు. నాగమణి అందరికీ దణ్ణం పెట్టి మెల్లగా మెట్లెక్కింది.

వంశీ వెనకే వెళ్ళేసరికి ఆమె రేడియో ముందు కూర్చుని ఉంది. రోజూ పిలిచే వేళే. కిటికీలోంచి తీగ, తీగ చివర సబ్బు పెట్టె, పక్కన బ్లేడు మీట. ఆమె దాన్ని ముట్టుకోలేదు. లైటు కూడా వేయలేదు.

"గెలిచేసినాం గదా ఆంటీ!"

"గెలిచామురా."

"మరేటి ఇలగ కూర్చున్నారు?"

"ఆడుకుంటారు అంది ఆ పిల్ల." నాగమణి నవ్వడానికి చూసింది. "తప్పేం లేదులే. నా మంచికే అంది. లేచి నించుని చెప్పింది కూడాను."

"నాను ముందే సెప్పినాను. ఒక్క అబద్ధం ఆడుంటే అందరూ నోర్లు తెరుసుకుని సూసేవోళ్ళు. మీరే సేతులారా పాడుసేసుకున్నారు. ఇప్పుడు సూడండి, పాపం అంటన్నారు."

"అబద్ధమాడి ఉంటే వాళ్ళు పాపం అనేవాళ్ళు కాదు. నిజమే. నన్ను చూసుకుని నేనే అనుకునేదాన్ని."

వంశీ తన దగ్గరున్న రెండో కిట్‌నీ తీగ చుట్టనీ సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదిగోండి, మీ సామాను. పరీచ్చ అయిపోయింది గదా. నాను ఈ కొట్టు కూడా మానేత్తన్నాను. గంగవరం పోర్టు కాడ ఏదో పనుందంట, సూత్తాను."

ఆమె కిట్ వంక చూసింది, అతని వంక చూసింది. బయట ప్లాంటు షిఫ్టు బస్సులు వరసగా పోతున్నాయి. తర్వాత కిట్‌ని రెండు చేతులతో తీసి అతని సంచీలోనే పెట్టి, సంచీ మూతి బిగించింది.

"నేనొకటి అడుగుతాను, కోప్పడకు," అంది. "ఆ లైసెన్సు పరీక్ష నువ్వు రాయరా. కాలేజీ పరీక్షల్లాంటిది కాదు, నీకు నేను చెబుతాను. పాసయ్యాక ఏ ఊళ్ళో పని చేసినా సరే, ఈ కిట్ నీతో ఉంచుకో. సాయంత్రం పూట నేను పిలుస్తూనే ఉంటాను. వినపడితే అందిందని ఒక్కసారి కొట్టు. నా మీద జాలేసి మాత్రం కొట్టకు వంశీ. నిజంగా వినపడితేనే కొట్టు."